చేత్తో కుట్టిన తోలు సీటు



బండి కొనేటప్పుడు మనవాళ్లు మైలేజీ ఎంతని అడుగుతారు, ఇంజను ఎన్ని సీసీలని అడుగుతారు, నెలకు వాయిదా ఎంత పడుతుందని అడుగుతారు. సీటు సంగతి అడిగేవాళ్లు తక్కువ. కంపెనీ ఏది బిగించి ఇస్తే దాని మీద కూర్చుని ఇంటికొచ్చేస్తాం. హ్యాండిల్‌ను చేతులు పట్టుకుంటాయి, ఫుట్‌రెస్టు మీద పాదాలు ఆనుతాయి, ఒంటి బరువులో ఎక్కువ భాగం మోసేది మాత్రం సీటే. నందివెలుగు నుంచి తెనాలికి రోజూ పాల క్యాన్లు వేసుకెళ్లే మనిషికైనా, ఆదివారం పూట బాపట్ల దాటి సూర్యలంక సముద్రం దాకా వెళ్లొచ్చే కుర్రాడికైనా నడుం నొప్పి మొదలయ్యేది అక్కడే. ఆ సీటును అసలైన తోలుతో, మిషను లేకుండా, చేత్తో ఎలా కుడతారో ఈ పూట మీకు చెబుతాను. మాది నందివెలుగు. నాకు బతుకుతెరువు వేరే ఉంది, తోలు పని ఇష్టం కొద్దీ నేర్చుకున్నది.

సీటు చిరిగితే మనం సీట్ల కొట్టుకు వెళతాం. పాత కవరు పీకి, స్పాంజి సరిచేసి, కొత్త రెక్సిన్ లాగి, గన్నుతో పిన్నులు కొట్టి గంటలో ఇచ్చేస్తారు. ఆ పనిని నేను తక్కువ చేయను. మూలల దగ్గర ముడత లేకుండా రెక్సిన్ లాగడం అందరి చేతికీ రాదు. రెక్సిన్ ఒకప్పుడు ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర తయారైన సరుకు, నూలుగుడ్డ మీద నైట్రోసెల్యులోజ్ పూత పూసేవారు. ఇవాళ మనం అదే పేరుతో కొనేది పీవీసీ పూత గుడ్డ. చవక, వానకు తడవదు, గుడ్డతో తుడిస్తే చాలు. అయితే దానికి గాలి ఆడదు. చెమట కిందికి పోదు, పైకీ పోదు. ఎండకు నిలబెట్టిన బండి మీద రెండు మూడేళ్లకు గట్టిపడి పగులుతుంది. తోలు అలా కాదు. మందపాటి తోలు మనిషి బరువుకూ, ఒంటి వేడికీ నెమ్మదిగా లొంగి, ఆ మనిషి కూర్చునే తీరు పట్టుకుంటుంది. బాగా చూసుకుంటే కుట్టినవాడి తర్వాత కూడా ఉంటుంది.

మోటార్ సైకిల్ సీటు అసలు గుర్రపు జీను నుంచి, సైకిల్ సీటు నుంచి వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో 1866లో మొదలైన బ్రూక్స్ కంపెనీ మొదట గుర్రపు సరంజామా చేసేది, తర్వాత తోలు సైకిల్ సీట్లతో లోకమంతా పేరు తెచ్చుకుంది. తొలినాళ్ల మోటార్ సైకిళ్లకు అలాంటి సీట్లే ఉండేవి. ఇనుప చట్రం, దాని మీద బిగలాగిన తోలు, వెనక రెండు స్ప్రింగులు. మన మద్రాసు పక్కన తిరువొత్తియూరులో 1956 నుంచి బుల్లెట్ బండ్లు తయారవడం మొదలైంది. పాత బుల్లెట్ అనగానే మన కళ్ల ముందు నిలిచేది ఆ స్ప్రింగుల ఒంటి సీటే కదా. 2009లో వచ్చిన క్లాసిక్ మోడల్‌కు బుల్లెట్ కంపెనీ మళ్లీ అదే రూపం ఇచ్చింది.

ఇక తోలు. సీటు మంచీచెడూ సగం తోలును ఎంచుకోవడంలోనే తేలిపోతుంది. కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

బజారులో దొరికే తోలు ముఖ్యంగా రెండు రకాలు. క్రోమియం లవణాలతో శుద్ధి చేసినది ఒకటి, చెట్ల బెరడుతో, కాయలతో శుద్ధి చేసినది రెండోది. క్రోమ్ తోలు మెత్తగా ఉంటుంది, సాగుతుంది, వేడినీళ్లకు కూడా త్వరగా ముడుచుకోదు. బూట్ల పైభాగానికి, సంచులకు, కారు సీట్లకు అది బాగుంటుంది. కానీ తడిపి ఒక ఆకారానికి వంచితే ఆ ఆకారంలో నిలవదు. స్ప్రింగుల సీటుకు కావలసింది బెరడు తోలు. చర్మంలో కొల్లాజెన్ అనే మాంసకృత్తి పోగులు అల్లుకుని ఉంటాయి. బెరడులోని వగరు పదార్థం, అంటే టానిన్, ఆ పోగులను పట్టుకుని కుళ్లకుండా కాపాడుతుంది, గట్టిదనం ఇస్తుంది. తడిసినప్పుడు ఆ పోగులు ఒకదాని మీద ఒకటి జారుతాయి, ఆరినప్పుడు ఎక్కడున్నవి అక్కడ బిగుసుకుంటాయి. సీటు పనంతా ఈ ఒక్క గుణం మీద నడుస్తుంది.

మన దక్షిణ దేశంలో ఆ బెరడు ఏమిటో తెలుసా? తంగేడు. బతుకమ్మలో పేర్చే పచ్చటి పువ్వుల తంగేడే. దాని పట్టను నీళ్లలో ఊరబెట్టి, ఆ కషాయంలో చర్మాలను వారాల తరబడి నానబెట్టేవారు. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇలా తయారైన తోళ్లు ఓడల కొద్దీ ఇంగ్లండుకు వెళ్లాయి, అక్కడ వాటికి ‘ఈస్టిండియా’ తోళ్లని పేరు. తంగేడుతో ఒక చిక్కుంది. ఆ తోలు మొదట లేత గోధుమ రంగులో అందంగా ఉంటుంది, వెలుతురు తగిలేకొద్దీ ఎర్రబారుతుంది. అందుకే చివర్లో కరక్కాయ కషాయంలో ముంచేవారు. కరక్కాయ పట్టిన తోలు అంతగా ఎర్రబారదు. రోజంతా ఎండలో నిలబడే బండి సీటుకు ఇది చిన్న విషయం కాదు. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ బెరడు వచ్చింది, నీలగిరుల్లో ఆ చెట్లు పెంచారు, తంగేడు వెనకబడింది. ఇప్పుడు చెన్నైలో కొనే బెరడు తోలు చాలావరకు వాటిల్‌తో చేసినదే.

ఈ శాస్త్రాన్ని దేశానికి పెద్దఎత్తున నేర్పిన మనిషి మనకు పరాయివాడు కాదు. డాక్టర్ యలవర్తి నాయుడమ్మ 1922 సెప్టెంబరు 10న యలవర్రులో పుట్టారు. యలవర్రు తెనాలికి దగ్గర్లో అమృతలూరు మండలంలో ఉంది, ఇప్పుడు బాపట్ల జిల్లా. వ్యవసాయ కుటుంబం. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చదివి, మద్రాసులో తోళ్ల సాంకేతిక విద్యలోకి వెళ్లారు. తోలు పనిని అంటరానిదిగా చూసే రోజుల్లో ఒక రైతుబిడ్డ దాన్ని చదువుగా ఎంచుకోవడం ఎంత పెద్ద అడుగో ఆనాటి పల్లెటూళ్లు తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. అమెరికాలో డాక్టరేట్ చేసి తిరిగొచ్చి, అడయారులోని కేంద్ర తోళ్ల పరిశోధనాసంస్థకు 1958 నుంచి 1971 వరకు డైరెక్టరుగా ఉన్నారు. తర్వాత దేశంలోని శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలికి అధిపతి అయ్యారు. 1985 జూన్ 23న ఐర్లండు తీరం దగ్గర సముద్రం మీద కూల్చివేసిన ఎయిరిండియా కనిష్క విమానంలో ఆయన కూడా ఉన్నారు. ప్రయోగశాలలో తేలిన సంగతి పల్లెలో చర్మం శుద్ధి చేసేవాడి చేతికి చేరాలన్నది ఆయన జీవితకాలపు పట్టుదల. అడయారులో ఆయన చేసిన పని నేను కుట్టే ప్రతి సీటు వెనకా ఉందని నమ్ముతాను, మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

సరే, పని మొదలుపెడదాం.

తోలు కోసం చెన్నై వెళ్లాలి. తెనాలిలో రైలెక్కి సెంట్రల్‌లో దిగితే పక్కనే పెరియమెట్, తోళ్ల కొట్ల పేట. అక్కడ బెరడుతో శుద్ధి చేసిన గేదె తోలు అడగండి, మూడున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్ల మందం ఉండాలి. కొట్లో తోలంతా పరిపించి చూడాలి. వీపు భాగం పోగులు బిగువుగా ఉంటాయి, పొట్ట భాగం సాగుతుంది. పొట్ట తోలుతో సీటు కుడితే ఏడాదిలో మధ్యలో గుంట పడుతుంది. వెన్నుపూస గీత సీటు నడిమి గీత మీద వచ్చేలా ముక్క కోయించుకుంటే రెండు వైపులా సమంగా లొంగుతుంది. పై పొర చెక్కకుండా ఉన్న తోలే తీసుకోవాలి. ఈగ కాట్లు, ముళ్ల గీతలు పైన కనబడితే బెంగపడకండి. పై పొర గీకి రంగు పూసిన నున్నటి తోలు కన్నా అదే బలమైనది.

ముందు అట్టముక్క మీద సీటు ఆకారం గీయాలి. బండి మీద అట్ట పెట్టి, అసలు మనిషిని కూర్చోబెట్టి, తొడల మధ్య ముక్కు ఎంత వెడల్పుండాలో, వెనక ఎంత ఉండాలో చూడాలి. మనం కూర్చున్నప్పుడు బరువు ఆనేది తుంటి కింది రెండు ఎముకల మీద. ఆ రెండు ఎముకలూ సీటు వెడల్పులో పూర్తిగా పడాలి. ముక్కు మరీ వెడల్పైతే ఎర్రదీపం దగ్గర కాళ్లు నేలకు అందవు. అట్ట కుదిరాక 16 గేజి ఇనుప రేకు మీద అదే ఆకారం కోయించి, అంచులు కొద్దిగా కిందికి వంచి, మధ్యలో కాస్త గుంటగా సాగగొట్టించాలి. తెనాలి లోహపు పనికి కొరత లేని ఊరు. పాత బండ్ల చైన్లు, నట్లు, బోల్టులు అతికి నిలువెత్తు విగ్రహాలు చేసే సూర్య శిల్పశాల ఉన్నది ఇక్కడే. ముందు వైపు ఒక బందు, వెనక రెండు స్ప్రింగులు. స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నప్పుడు రేకు బ్యాటరీ పెట్టెకు గానీ, మడ్‌గార్డుకు గానీ తగలకూడదు, అది ముందే చూసుకోవాలి. రేకు మీద పలచగా గట్టి స్పాంజి. కొందరు రబ్బరు పట్టించిన కొబ్బరిపీచు వేస్తారు, మన బస్సు సీట్లలో ఒకప్పుడు అదే ఉండేది, దాంట్లో గాలి ఆడుతుంది.

తర్వాత తడపడం. తోలును గోరువెచ్చటి నీళ్లలో ముంచితే బుడగలు వస్తాయి. బుడగలు ఆగేదాకా ఉంచి, తీసి, గుడ్డలో చుట్టి ఒక రాత్రి వదిలేయాలి. పొద్దున్నే విప్పితే తోలు మళ్లీ తన సొంత రంగుకు వస్తూ ఉంటుంది, చెంపకు ఆనిస్తే మాత్రం చల్లగా తగులుతుంది. సరైన అదను అదే. అప్పుడది కుమ్మరి చేతిలో మట్టిలా మాట వింటుంది. ఇనుము నేరుగా తగలకుండా చూసుకుంటూ రేకు మీద పరిచి, బొటనవేళ్లతో, నున్నటి కర్రముక్కతో రుద్దుతూ అంచుల చుట్టూ లాగి, పట్టీలతో బిగించి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే పై పొర గట్టిపడి పెళుసైపోతుంది. అలాగని ఈ పనికి ముసురు రోజులూ పనికిరావు, బూజు పట్టేస్తుంది. సంక్రాంతి వెళ్లాక, వేసవి ముదరకముందు మొదలుపెడితే మంచిది.

ఆరాక కుట్టు. నాకు ఈ పనిలో ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే.

పై తోలును, రేకు కింద పట్టే రెండో తోలును అంచుల వెంట కలిపి కుట్టాలి. అంచుకు అర సెంటీమీటరు లోపల సన్నటి గాడి తీస్తారు, దారం ఆ గాడిలో దిగిపోతే రాపిడికి తెగదు. గాడిలో అయిదేసి మిల్లీమీటర్లకు ఒక గుర్తు. గుర్తు గుర్తుకూ ఆరెతో పొడవాలి. ఆరె మొన వజ్రపు ఆకారంలో పలకలుగా ఉంటుంది, గుండ్రటి మేకులాగా ఉండదు. అన్ని రంధ్రాలూ ఒకే వాలులో పడితేనే కుట్టు వరసగా కనబడుతుంది. కుట్టు పొడవుకు కనీసం నాలుగింతల దారం తీసుకుని, తేనెమైనం పట్టించి, రెండు కొసలకూ రెండు మొండి సూదులు ఎక్కించాలి. ఒక సూది ఇటునుంచి అటు, రెండోది అదే రంధ్రంలోంచి అటునుంచి ఇటు. రెండు చేతులతో సమంగా లాగాలి. మళ్లీ తర్వాతి రంధ్రం.

మిషను కుట్టులో పైదారం పైనే ఉంటుంది, కిందిదారం కిందే ఉంటుంది, మధ్యలో ఒకదాన్ని ఒకటి మెలేసుకుంటాయి. ఒక చోట తెగిందంటే కుట్టు వరసగా ఊడిపోతుంది. చేతికుట్టులో దారం ప్రతి రంధ్రంలో రెండుసార్లు దూరుతుంది. ఒక చోట తెగినా పక్క కుట్లు పట్టుకునే ఉంటాయి. గుర్రపు జీనులను ఇలాగే కుట్టారు, ఆ కుట్టు మీదే మనిషి ప్రాణం ఆధారపడి ఉండేది మరి. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి, వానలో, గుంటల రోడ్డు మీద, ఏళ్లు గడిచాక తేడా తెలుస్తుంది.

బిగింపుకు రాగి రివిట్లు వాడాలి, ఇనుపవి వద్దు. బెరడు తోలు తడిగా ఉన్నప్పుడు ఇనుము తగిలితే నల్లటి మరక పడుతుంది, అది ఇక పోదు. టానిన్, ఇనుము కలిసి చేసే నలుపు అది. కృష్ణ అవతల పెడనలో కలంకారీ వాళ్లు గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి, బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము ఊరబెట్టి తీసిన ద్రవాన్ని చెక్క అచ్చులతో అద్దుతారు. అద్దిన చోట వెంటనే నల్లబడుతుంది. రసాయనం ఒకటే. కాబట్టి నల్ల సీటు కావాలంటే రంగు డబ్బా కొననక్కర్లేదు. ఆ బెల్లపు ఇనుపనీళ్లు తోలు మీద సమంగా పూయండి, కళ్లముందే బూడిద రంగు తిరిగి, నల్లబడుతుంది. ఆ నలుపు పూత కాదు, తోలులోపలే పుట్టింది, కాబట్టి ప్యాంటుకు అంటదు. పూసిన తర్వాత వంటసోడా కలిపిన నీళ్లతో తుడిచి పులుపు విరిచేయాలి, లేకపోతే కాలక్రమంలో తోలు చివికిపోతుంది. పెడన నలుపును నందివెలుగులో బండి సీటు మీద చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం చెప్పలేను.

ఆఖరున నూనె. పూర్వం మన పెద్దలు కిర్రు చెప్పులకు ఆముదం రాసేవారు గుర్తుందా? సీటుకూ కొద్దిగా నూనె కావాలి, మరీ ఎక్కువైతే మెత్తబడి సాగిపోతుంది. పలచగా రెండు పూతలు, పైన తేనెమైనం రుద్దితే చాలు. వానలో తడిస్తే గుడ్డతో ఒత్తి నీడలో ఆరనివ్వాలి. ఇంటి ముందు చూరు లేనివాళ్లు, బండి రోజంతా వానలో వదిలేసేవాళ్లు తోలు సీటు జోలికి పోవద్దు, వాళ్లకు రెక్సినే మేలు. నిజాంపట్నం, సూర్యలంక వైపు తిరిగేవాళ్లు ఉప్పుగాలి పట్టిన సీటును వారానికోసారి తడిగుడ్డతో తుడవాలి.

చట్టం సంగతి కూడా ఒక మాట. వెనక మనిషిని ఎక్కించుకునే బండికి బిగించిన సీటు, పట్టుకోవడానికి పట్టు, కాళ్లు పెట్టుకునే చోటు, చీర చక్రంలో పడకుండా అడ్డు ఉండాలని మోటారు వాహనాల చట్టం, దాని కింది కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఒంటి సీటు వేసుకుని, వెనక మడ్‌గార్డు మీద భార్యనో బిడ్డనో కూర్చోబెట్టి తీసుకెళ్లకండి. వాళ్లకు వేరే సీటు కుట్టండి.

ఇంతవరకూ నేను చెప్పిన ఆరె పట్టు, మైనం దారం, రెండు సూదుల కుట్టు నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. తెనాలి చుట్టుపక్కల ఎడ్ల పందేలకు వెళ్లినవాళ్లు ఒంగోలు గిత్తల మెడల్లో మువ్వల పట్టెడలు చూసే ఉంటారు. మందపాటి తోలు పట్టీ మీద మువ్వలు బిగించి కుట్టిన పట్టెడ అది. గిత్త బండ లాగేటప్పుడు ఎంత విదిల్చినా కుట్టు సడలకూడదు. అలాంటి పట్టెడలు కుట్టే పెద్దాయన దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. “దారం లాగేటప్పుడు రెండు చేతులూ ఒకే మాట మీద ఉండాలి బాబూ” అనేవాడాయన. ఆయన తాతలు ఊరికి చెప్పులు కుట్టారు, కమ్మరి కొలిమికి తిత్తులు కుట్టారు, డప్పులకు తోలు బిగించారు, మెట్టపొలాల బావులకు మోట సంచులు కుట్టారు. చచ్చిన గొడ్డును ఊరి బయటికి మోసుకెళ్లి, సున్నంలో, చర్మాలు ఊరే లందలో చేతులు పెట్టి చర్మాన్ని తోలుగా మార్చినవాళ్లు వాళ్లే. ఊరు ఆ చెప్పులు తొడుక్కుంది, వాళ్లను మాత్రం ఊరి బయటే ఉంచింది. ఆ అన్యాయం గురించి తోలు పని చేసే ప్రతివాడూ మాట్లాడాలి, నేనూ మాట్లాడుతున్నాను.

ఇప్పుడు ప్లాస్టిక్ చెప్పులు, రెక్సిన్ బెల్టులు వచ్చాక ఆ చేతులకు పని లేదు. పెద్దాయన కొడుకులు వేరే పనులకు వెళ్లిపోయారు, వాళ్లను తప్పుపట్టను. అవమానం తప్ప ఆదాయం లేని పనిలో ఎవరు ఉంటారు? కానీ అదే పని విదేశాల్లో ఒక గౌరవమైన వృత్తి. అక్కడ పాత మోటార్ సైకిలుకు చేతికుట్టు సీటు చేయించుకోవడానికి జనం నెలల తరబడి ఎదురుచూస్తారు. మన దగ్గర బుల్లెట్లున్న కుర్రాళ్లు సైలెన్సరుకు, అల్లాయ్ చక్రాలకు, స్టిక్కర్లకు వేల రూపాయలు పోస్తున్నారు. అందులో కొంత ఈ చేతులకు వస్తే, ఆ ఇంట్లో ఒక పిల్లవాడు ఆరె పట్టుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు.

కాబట్టి శ్రోతలకు నాదొక విన్నపం. మీ ఊళ్లోనో, పక్క ఊళ్లోనో పట్టెడలు, చెప్పులు చేత్తో కుట్టే మనిషి ఇంకా ఉంటే, మీ బండి సీటు తీసుకుని ఆయన దగ్గరకు వెళ్లండి. ఆయనకు కుర్చీ వేసి, ఆకారం గీసిన అట్ట చూపించి, ఎలా కుడితే బాగుంటుందో ఆయన్నే అడగండి. మంచి తోలు మీరే తెచ్చివ్వండి, తొందరపెట్టకండి. ఇంజను మేస్త్రీని బేరమాడకుండా ఎంత ఇస్తారో, ఆయనకూ అంతే ఇవ్వండి.